తెలుగు నేర్చుకొన్న పరదేశి - సి.పి. బ్రౌన్

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పేరు వినని తెలుగు కుటుంబం ఉండదు. నిఘంటువు అట్ట మీద ఆ పేరు చూసే ఉంటాము. అయితే ఆ మనిషి మన దేశంలో ఏ విధంగా బ్రతికాడో, ఏ కష్టం పడి ఆ నిఘంటువు కూర్చాడో మన పిల్లలకు చెప్పేవారు తక్కువ. ఖతర్‌లో ఉంటున్న మనకు ఆయన కథ మరికాస్త దగ్గరిదని మాకు తోచింది. మనం ఇక్కడ పరదేశులం, ఆయన అక్కడ పరదేశి. పైగా మా వంటివారికి ఇంకొక కారణం ఉన్నది. తాతల నాడే ఊరు విడిచిన కుటుంబాలలో పుట్టి, తెలుగును తల్లి ఒడిలో కన్న సాయంకాలపు తరగతి బల్ల ముందు ఎక్కువగా నేర్చుకొన్నవాళ్ళం మేము. పెద్దయ్యాక అ ఆ లు దిద్దడమంటే ఏమిటో మాకు తెలుసు.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, అనేక భాషలు తెలిసినవాడు. 1812లో ఆయన చనిపోగా కుటుంబం ఇంగ్లండు చేరింది. పిల్లవాడు కుంపెనీ ఉద్యోగులను తయారుచేసే హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817లో మద్రాసులో ఓడ దిగాడు. అప్పటికి పందొమ్మిదేళ్ళు నిండలేదు. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. భాష మీద ప్రేమతో రాలేదు, ఉద్యోగం కోసం వచ్చాడు. ఈ సంగతిని మేము కావాలనే చెబుతున్నాము. మనవాళ్ళు దోహాలో విమానం దిగేదీ అందుకే గదా!

మద్రాసులోని సెయింట్ జార్జి కోట కళాశాలలో కుర్ర ఉద్యోగులకు దేశభాషలు చెప్పేవారు. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు గారి వద్ద బ్రౌన్ తెలుగు మొదలుపెట్టాడు. ఆ రోజులలోనే గవర్నరుగా వచ్చిన థామస్ మన్రో, ప్రజల భాష తెలియనివాడు ప్రజలను పాలించలేడని ఆ కుర్రవాళ్ళకు గట్టిగా బోధించాడు. 1820 ఆగస్టులో బ్రౌన్‌కు కడపలో కలెక్టరుకు సహాయకుడిగా ఉద్యోగమైంది.

కడప కచేరీలో కాగితాలు చాలావరకు మరాఠీలో నడిచేవి. కాని శిస్తు కట్టలేక వచ్చి నిలబడే రైతు మాట్లాడేది తెలుగు. పరీక్ష కోసం చదివిన తెలుగు వేరు, ఆ రైతు నోట వచ్చే తెలుగు వేరు. నడుమ దుబాసీని పెట్టుకొని కాలం గడపవచ్చు, అనేకమంది దొరలు అలాగే గడిపారు. బ్రౌన్‌కు అది నచ్చలేదు. అక్కడి కలెక్టరు హాన్‌బరీ తెలుగు ధారాళంగా మాట్లాడేవాడు, ఆ ఉదాహరణ కళ్ళ ఎదుటే ఉన్నది. రోజూ పని, రోజూ మాట. పిల్లలకు చదువు లేకపోవడం చూసి తన జీతంలోంచే ఉచిత పాఠశాలలు పెట్టించాడు.

తరువాత మచిలీపట్నం వెళ్ళాడు. ద్యుబోవా అనే ఫ్రెంచి మతగురువు హిందువుల ఆచారాలపై వ్రాసిన గ్రంథంలో వేమన పేరు చూసి, ఆ పద్యాల కోసం వెదకడం ప్రారంభించాడు. అప్పటి పండితులు వేమనను కవిగా లెక్కించేవారు కారు. పొలం దున్నేవాడి నోట ఉండే పద్యాన్ని వ్రాతప్రతులలో వెదకిన మొదటి పెద్ద ఉద్యోగి ఈయనే కావచ్చు. వఠ్యం అద్వైత బ్రహ్మయ్య, తిప్పాభొట్ల వెంకట శివశాస్త్రి అనే పండితులు ఆయనకు కావ్యాలు చెప్పారు. 1827లో ఛందస్సుపై పుస్తకం వచ్చింది. 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయినాయి. మన పిల్లలు బడిలో వల్లించే శతకం అచ్చులో నిలబడటానికి ఆ పుస్తకం పెద్ద మెట్టు.

ఇక ఆయన పని చేయించిన తీరు చెప్పాలి. ఉపాధ్యాయులం కనుక మాకు దీనిమీదనే ఎక్కువ ఆసక్తి. కడపలో తోటతో కూడిన బంగళా ఒకటి కొని పండితులను, లేఖకులను అక్కడ కూర్చోబెట్టాడు. ఒక కావ్యం కావాలంటే ఒక్క తాటాకు ప్రతి తెచ్చి సరిపెట్టుకొనేవాడు కాదు. నాలుగైదు ఊళ్ళ నుంచి ప్రతులు తెప్పించేవాడు. ఒకదానిలో పురుగు తిన్న చరణం మరొకదానిలో దొరుకుతుంది, ఒకచోట లేఖకుడు తప్పు వ్రాసినది ఇంకొకచోట సరిగా ఉంటుంది. వాటిని ప్రక్క ప్రక్కన పెట్టి పాఠాలు సరిచూసి, మంచి కాగితం మీద శుద్ధప్రతి వ్రాయించి, పుస్తకంగా కుట్టించేవారు. పద్యాలలోని మాటలకు సూచికలు తయారయ్యేవి. అవే తరువాత నిఘంటువుకు పునాది. కచేరీ ఉద్యోగం ఒక ప్రక్క, ఇది ఒక ప్రక్క. జీతాలన్నీ సొంత డబ్బే. చాలక అప్పులు కూడా చేశాడు.

ఇక్కడ ఒక మాట. బ్రౌన్‌ను పొగిడేటప్పుడు ఆ పండితులను మరచిపోవడం మనకు అలవాటైపోయింది. జూలూరి అప్పయ్య గారి వంటివారు సంవత్సరాల తరబడి కూర్చుని వసుచరిత్ర, మనుచరిత్ర వంటి కావ్యాలను సరిచూసి వ్యాఖ్యానాలు సిద్ధం చేయకపోతే దొర ఒక్కడూ చేయగలిగేది ఏమీ లేదు. బ్రౌన్ మటుకు నోరు మెత్తనివాడు కాదు. పండితుల పాండిత్యప్రకర్షను ఎగతాళి చేసేవాడు, మన ఆచారాలను తన మతం కళ్ళతోనే చూసేవాడు. కుంపెనీ సేవకుడు కాడని అనలేము. ఇవన్నీ నిజమే. అయినా తాటాకులు నశించిపోతున్న కాలంలో డబ్బు పెట్టి పట్టుబట్టి కూర్చున్నది ఆయనే.

1832-33లో గుంటూరు సీమలో నందన కరువు వచ్చింది, డొక్కల కరువని కూడా అంటారు. జనం వేలకు వేలు చచ్చిపోయారు, ఊళ్ళు పాడుపడ్డాయి. ఆ సమయంలో బ్రౌన్ గుంటూరులో అధికారంలో ఉన్నాడు. పైవారికి పంపే కాగితాలలో దానిని కొరత అని మెత్తగా వ్రాయకుండా కరువు అనే వ్రాశాడు. అది పైవారికి రుచించలేదు. మాట విలువ తెలిసినవాడికి ఆ సమయంలో మరొక మాట వ్రాయడం చేతకాదని మా ఉద్దేశ్యం. 1834లో ఆయన ఉద్యోగం పోయింది, ఇంగ్లండు వెళ్ళవలసి వచ్చింది.

ఉద్యోగం పోయి దేశం చేరినవాడు ఏమి చేస్తాడు? ఈయన లండనులోని ఇండియా హౌసు గ్రంథాలయంలో దక్షిణదేశపు వ్రాతప్రతులు పట్టించుకొనేవారు లేక పడి ఉండటం చూశాడు. అవి 2106. హెచ్.హెచ్. విల్సన్ అనే సంస్కృత పండితుని సహాయంతో వాటిని మద్రాసుకు తిరిగి పంపే ఏర్పాటు చేయించాడు. తాను కూడా మళ్ళీ మద్రాసు వచ్చి, పారశీక అనువాదకుడుగా, తరువాత తపాలా శాఖ అధిపతిగా పనిచేశాడు. 1840లో వ్యాకరణం వచ్చింది. వేపేరిలోని అచ్చుకూటంలో 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువూ, మిశ్రభాషా నిఘంటువూ 1854 నాటికి వచ్చేశాయి.

ఈ చివరిది మన ఖతర్ పిల్లలకు తప్పక చూపించవలసిన పుస్తకం. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలను ఏరి కూర్చినది. వాటిలో అరబ్బీ నుంచి పారశీకం, హిందుస్తానీల గుండా వచ్చినవి ఎన్నో ఉన్నాయి. మన తెలుగులోని అటువంటి మాటలను మా తరగతిలో ఒకసారి నల్లబల్ల మీద వ్రాయించాము. కుర్చీ, దుకాణం, వకీలు, తారీఖు, జవాబు, ఖాళీ, జిల్లా. బడిలో అరబ్బీ పాఠం చదివే పిల్లలు ఒక్కొక్క మాటనూ గుర్తుపట్టి, ఇవి ఇక్కడి మాటలు గదా అని ఆశ్చర్యపోయారు. రైతు అనే మాట కూడా అరబ్బీ నుంచి వచ్చినదేనంటే ఒక అమ్మాయి నమ్మలేదు, ఇంటికి వెళ్ళి తాతగారిని అడిగివచ్చింది. ఇటువంటి మాటలు తెలుగు కాదని పండితులు కావ్యాల గడప దాటనివ్వలేదు. జనం వాడే మాట నిఘంటువులో ఉండి తీరవలసిందేనని బ్రౌన్ పట్టు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో ప్రబంధం మాట ప్రక్కన సంతలో మాట కూడా కనిపిస్తుంది. మా వంటివారికి ఆ పుస్తకం పనికివచ్చేది అందువల్లనే. కావ్యం చదవలేనివాడు కూడా దానిలో తన అమ్మమ్మ వాడిన మాటను వెదకి పట్టుకోగలడు.

1855లో ఆయన మన దేశం విడిచిపెట్టాడు. అక్కడ అడుగుపెట్టి 38 ఏళ్ళయింది. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. లండనులో ఉండి కూడా తెలుగు మానలేదు. 1865 నుంచి లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యుడుగా ఉన్నాడు. ఎంతమంది విద్యార్థులు వచ్చేవారో ఏమో, శుక్రవారం సాయంకాలం నలుగురు పిల్లలు వస్తే సంతోషించే మాకు ఆ గది ఊహకు అందుతుంది. 1884 డిసెంబరు 12న, 86 ఏళ్ళ వయసులో, లండనులోనే కన్నుమూశాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉన్నది.

నిఘంటువును 1903లో కందుకూరి వీరేశలింగం గారు మొదలైనవారు సవరించి మళ్ళీ తెచ్చారు. ఇప్పుడది షికాగో విశ్వవిద్యాలయం వారి ఏర్పాటుతో ఇంటర్నెట్టులో కూడా ఉన్నది, పిల్లలు ఫోనులో చూసుకోవచ్చు. కడపలో ఆ బంగళా కాలక్రమంలో శిథిలమైపోగా, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు చందాలు ప్రోగుచేసి ఎఱ్ఱముక్కపల్లిలో అదే స్థలంలో బ్రౌన్ పేర గ్రంథాలయం కట్టించారు. కడప, రాజంపేట వైపు నుంచి గల్ఫు దేశాలకు వచ్చిన కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. వేసవి సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు ఒక పూట అక్కడికి పిల్లలను తీసుకువెళ్ళండి. అక్కడ తాళపత్ర గ్రంథాలున్నాయి. తాటాకు మీద గంటంతో వ్రాసిన అక్షరం ఎలా ఉంటుందో వాళ్ళు చూస్తారు.