వయొలీను విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు

విద్యార్థులలో ఒక్కొక్కరికి ఒక్కొక్క లోపముండును. ఒకనికి ధారణ చాలదు; ఒకనికి నోరు తిరుగదు; మఱియొకనికి చూపు ఆనదు. లోపమును చూచి బాలుని విలువ కట్టుట సులభము. దాని చాటున నున్న శక్తిని కనిపెట్టుటయే కష్టము. అట్టి కష్టమైన పనిని కొందఱు పెద్దలు చేసినందున తెలుగుదేశమునకు ఎట్టి మహావిద్వాంసుడు లభించెనో మన బాలబాలికలకు తెలుపుటకై ఈ చరిత్రమును వ్రాయుచున్నాను.

ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగనాడు, బెంగుళూరులో జన్మించిరి. పెరిగినది మాత్రము విశాఖపట్టణమున. ఊరెల్ల దీపములు వెలిగించిన దినమున పుట్టిన ఆ బాలునికి చూపు మిక్కిలి మందము. పుస్తకములోని అక్షరములు, నల్లబల్లమీది లెక్కలు కంటికి ఆనకపోవుటచే బడి చదువు సాగలేదు. ఆ కాలమున చదువు సాగని బాలునికి ముందుదారి యేమియు కనబడెడిది కాదు. అయినను ఇంటిలో ఫిడేలు ఉండెను. దానిని వాయింప నేర్చిన అన్నగారు ఉండిరి. తమ్ముడు అన్నగారి యొద్దనే తొలిపాఠములు నేర్చుకొనెను.

ఇచ్చట ఆ వాద్యమును గూర్చి కొంచెము చెప్పవలెను. ఫిడేలు, అనగా వయొలీను, ఐరోపాఖండమునుండి మనకు వచ్చినది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడగు బాలస్వామి దీక్షితులు దీనిని ఒక ఐరోపావాద్యకారుని యొద్ద నేర్చి, మన సంగీతమునకు అనువుగా మలచిన మొదటివారని ప్రసిద్ధి. పాశ్చాత్యులు దీనిని గడ్డముక్రింద నదిమి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి, దాని కొనను కుడిపాదముపై నానించి వాయింతురు. దీనికి తీగెలు 4. పాశ్చాత్యుల శ్రుతి వేరు. మనవారు వానిని షడ్జమ పంచమములకు, మరల షడ్జమ పంచమములకు కూర్చుకొందురు. కమానుకు గుఱ్ఱపుతోక వెండ్రుకలు కట్టుదురు. మన అడవులలో తపసిబంకను సేకరించునట్లే, పరదేశములలో సరళవృక్షముల బంకను తీసి, కాచి, గడ్డగా చేయుదురు. ఆ గడ్డను వెండ్రుకలకు రుద్దినగాని అవి తీగెను పట్టి నాదము పుట్టింపవు.

వీణకు 24 మెట్లుండును; వ్రేలు ఏ మెట్టున నుంచవలెనో కన్ను చూపగలదు. వయొలీనుకు మెట్లు లేవు. స్వరస్థానమునకు వెండ్రుకవాసి ఇటునటు జరిగినను అపస్వరము పలుకును. ఆ స్థానమును కన్ను చూపలేదు, చెవియే చూపవలెను. కావున కన్నులు తోడ్పడని ఆ బాలునికి, చెవినే కన్నుగా చేసికొను ఈ వాద్యము తగిన తోడయ్యెను. ఏండ్లతరబడి రేయింబవళ్లు సాధనచేసి ఆయన తన చెవికిని, వ్రేళ్లకును, కమానుకును పొత్తు కుదుర్చుకొనెను.

1919వ సంవత్సరమున విజయనగర ప్రభువులగు పూసపాటి విజయరామ గజపతిరాజుగారు తమ పట్టణమున సంగీత కళాశాలను స్థాపించిరి. తమకు ఆప్తులైన చాగంటి జోగారావుగారి కుమారుడు అంధుడు. అతనికి సంగీతము నేర్పించు తలంపే ఆ కళాశాలకు మూలమని చెప్పుదురు. ఒక్క బాలుని కొఱకు తలపెట్టిన మేలు తరతరముల బాలురకు నీడనిచ్చెను. దానికి ప్రథమాధ్యక్షులు హరికథా పితామహులని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు.

నాయుడుగారికి అప్పుడు 26వ యేడు నడుచుచుండెను. ఆయన ఆ కళాశాలలో విద్యార్థిగా చేర గోరి విజయనగరము వెళ్లిరి. నారాయణదాసుగారు ఆయన వాద్యమును విని, విద్యార్థిగా చేర్చుకొనుటకు మాఱుగా వయొలీను ఆచార్యులుగనే నియమింపజేసిరి. బడి చదువునకు దూరమైన వాడు కళాశాలలో గురుపీఠ మెక్కెను! ఇందు నాయుడుగారి విద్య ఎంత గొప్పదో, పట్టా నడుగక పనితనము నడిగిన దాసుగారి హృదయమును అంత గొప్పది.

ఆచార్యపదవి లభించినంతనే నాయుడుగారు సాధన మానలేదు. అప్పటివఱకు కచేరీలలో వయొలీను పాటకునికి ప్రక్కవాద్యము మాత్రమే. నాయుడుగారు కూడ పేరుగాంచిన గాయకులకు ప్రక్కన కూర్చుండి వాయించిరి. అయినను ఈ వాద్యము ఒంటిగా నిలిచి, మృదంగము తోడుగా, సభనెల్ల రంజింపజేయగలదని నిరూపించిన మొదటివారిలో ఆయన ముఖ్యులు. కమానును నడపుటలో పాశ్చాత్య విద్వాంసుల నేర్పును శ్రద్ధగా పరిశీలించిరి. కాని వాయించినది మాత్రము మన రాగములు, మన కీర్తనలు, మన గమకములు. పరులయొద్ద మేలైనదానిని గ్రహించి తనదానిని విడువకుండుట ఎట్లో ఆయనను చూచి నేర్వవచ్చును. ఆయన కమాను తీగెను గీరినట్లుండదు, గొంతెత్తి పాడినట్లుండును. వేగముకొఱకు నాదసౌఖ్యమును ఎన్నడును విడువలేదు. గ్రామఫోను పలకలపై నిలిచిన ఆయన వాద్యమును నేటికిని వినవచ్చును.

1936లో నాయుడుగారు ఆ కళాశాలకు అధ్యక్షులైరి. పిదప సినిమా పాటలచే ఇంటింట పేరొందిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారును, పి. సుశీలగారును ఆ కళాశాలలో చదువుకొన్నవారే. నాయుడుగారి కుమార్తె ద్వారం మంగతాయారుగారు తండ్రివద్ద నేర్చి వయొలీను విదుషీమణిగా పేరొందిరి.

1941లో మదరాసు మ్యూజిక్ అకాడమీవారు నాయుడుగారిని సంగీత కళానిధి బిరుదముతో సత్కరించిరి. 1952లో లోకప్రసిద్ధుడైన వయొలీను విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మన దేశమునకు వచ్చి, నాయుడుగారి వాద్యమును విని మిక్కిలి మెచ్చుకొనెను. ఐరోపానుండి వచ్చిన వాద్యము తెలుగువాని చేతిలో నూతన భాష నేర్చి, తిరిగి పాశ్చాత్య కళావంతుని ఆశ్చర్యపఱచుట మనకెల్లరకు గర్వకారణము. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1957లో పద్మశ్రీ బిరుదమును ఆయనకు లభించెను. 1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన, 71 ఏండ్ల వయస్సున, ఆయన పరమపదించిరి. శతజయంతి సంవత్సరమైన 1993లో భారత ప్రభుత్వమువారు ఆయన రూపముతో తపాలాబిళ్లను వెలువరించిరి.

ఈ చరిత్రమును తలచినప్పుడెల్ల నాకొక బాలుడు జ్ఞప్తికి వచ్చును. పూర్వము నేను పనిచేసిన యొక బడిలో, వెనుకబల్లపై కూర్చుండి, నల్లబల్లమీది లెక్కను ప్రక్కవాని పుస్తకమునుండి ఎత్తివ్రాసికొనుచుండెను. దొంగతనముగా నెంచి పలుమాఱులు మందలించితిని; ఒకనాడు బెత్తమును వాడితిని. ఆఱుమాసములు గడచినపిదప వానికి బల్ల కనబడుటలేదని తెలిసెను. కండ్లజోడు వచ్చినవారమే వాడు ముందుబల్లకు వచ్చెను. వాడు నన్ను క్షమించెను. నేను నన్ను క్షమించుకొనలేదు. చూపు లోపించినది ఆ బాలునికే కాదు, నాకును.

కావున తలిదండ్రులకు నా మనవి యొక్కటి. బిడ్డ వెనుకబడినపుడు కోపగించుటకు ముందు వాని కన్నులు, చెవులు పరీక్షింపజేయుడు. మన కారేపల్లి చుట్టుపట్ల అడవి పల్లెలనుండి నడచివచ్చు బాలురలో ఎందఱు తమ బాధను చెప్పుకొననేరక మౌనముగా నుందురో! బాలబాలికలారా, మీలో ఎవరికైన ఒకదారి మూసికొనిపోయినచో అధైర్యపడకుడు. నాయుడుగారికి పుస్తకము దూరమయ్యెను, నాదము చేరువయ్యెను. చేరువైనదానిని ఆయన విడువక పట్టుకొనిరి. ఆ పట్టుదలయే ఆయన మనకు విడిచిన ఆస్తి.