వీరేశలింగముగారి తలక్రిందుల లోకము

కందుకూరను పేరుగల యూళ్లు తెలుగునాట ఒకటికంటె నెక్కువ కలవు. శంషాబాదు వైపునున్న కందుకూరివారు క్షమింతురుగాక, వీరేశలింగము పంతులుగారి యింటిపేరు కోస్తాలోని కందుకూరునుండి వచ్చినది. వారి పూర్వు లచ్చటినుండి రాజమహేంద్రవరము చేరిరి. పంతులుగా రా పట్టణమున 1848 ఏప్రిలు 16వ తేదీన జన్మించి, పసితనముననే తండ్రిని గోల్పోయి, పెదతండ్రి పోషణలో పెరిగిరి.

1874లో వివేకవర్ధనిని నెలకొల్పుటయు, ఆ యేటనే ధవళేశ్వరమున బాలికా పాఠశాల తెరచుటయు, 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహము జరిపించుటయు పాఠకు లెఱిగినవే. మేము ముచ్చటింపదలచినది వారి గ్రంథములలో నొకదానిని గూర్చి.

రాజ్యము ప్రజల తలపులను సయితము కాపలా కాయు దుర్లోకములను వర్ణించు నవలలను నేడు జనులు మరల చదువుచున్నారు. 1949లో వెలువడిన ఆర్వెలు నవల వానిలో ముఖ్యము. ఆయన పుట్టినది మన బీహారులోని మోతీహారిలోనే యని యెందఱికి దెలియును? ఇట్టి గ్రంథములకు మన భాషలో మేలుబంతి లేదనువారు సత్యరాజా పూర్వదేశయాత్రలు తెరచి చూడవలెను. స్విఫ్టు 1726లో ప్రకటించిన గల్లివరు కథ ననుసరించి పంతులుగారు దీనిని రచించిరి. ఇందలి యొక దేశమున స్త్రీలే ప్రభువులు. పురుషులు ఘోషాలో నుందురు. మన యాడువారికి విధించిన కట్టుబాట్లు అచ్చట మగవారి మెడకు చుట్టుకొనును.

ఆర్వెలు రాబోవు కాలమును జూపి భయపెట్టెను. పంతులుగారు తమ వీధిలో జరుగుచున్నదానినే తలక్రిందులు చేసి చూపిరి. ఈ రెండవదియే కఠినమని మా తలంపు. రాబోవుదానికై యెవడును సిగ్గుపడడు. వితంతువుల పునర్వివాహమునకు 1856లోనే శాసనము పుట్టెను గాని, పాతికేండ్ల పిమ్మట రాజమహేంద్రవరమున పెండ్లి చేయించినవారికి వెలి తప్పలేదు. శాసనము చేయలేని పని నవ్వు చేయునేమో యని పంతులుగా రాశించిరి కాబోలు. నేటికిని శుభకార్యములందు వితంతువు వెనుకకు తొలగి నిలుచు నిండ్లు మన యెదుట లేవా?

ఒక్క కొఱత చెప్పక తప్పదు. స్విఫ్టు తన దేశపు మంత్రులను సయితము విడిచిపెట్టలేదు. పంతులుగారు లంచగొండి యుద్యోగులను తమ పత్రికలో చీల్చి చెండాడిరే కాని, పరప్రభుత్వమను మూలము జోలికి పోలేదు. 1893లో రావుబహద్దరు బిరుదము నందిరి. ఇంటి చెఱ వారికి గోచరించినట్లు దేశపు చెఱ గోచరింపలేదు.

1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి ధారవోసిరి. వితంతువులకు తల్లియై నిలిచిన రాజ్యలక్ష్మమ్మగారు 1910లో గతించిరి. పంతులుగారు 1919 మే 27వ తేదీన చెన్నపట్టణమున కన్ను మూసిరి.