కంటిపురుగుకూ మందు చూపిన తెలుగు వైద్యుడు

పుదుచ్చేరి పట్టణాన్ని బోదకాలు వ్యాధి దశాబ్దాలపాటు పీడించింది. దానిని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమలను మురుగుకాల్వల్లోనే అరికట్టే మార్గాలను, 1975లో ఇక్కడ ఏర్పడిన రోగవాహక కీటకాల పరిశోధన కేంద్రం అన్వేషించింది. మనిషి రక్తంలో చేరిన పురుగుపిల్లలను నిర్మూలించే పని మాత్రం డై ఇథైల్ కార్బమజైన్ అనే మాత్రది. దాని రూపకల్పనకు సారథ్యం వహించినవారు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ ఖాదీ ధరించినందుకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొన్నది. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపించింది. అమెరికా చేరి, ఆసుపత్రిలో చిన్నపాటి పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. అక్కడ ఫిస్కేతో కలిసి శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. స్ప్రూ చికిత్సకు తోడ్పడిన ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది.

రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో దానికి మందు అవసరమైంది. 1947లో ఆయన బృందం డై ఇథైల్ కార్బమజైన్‌ను వెలువరించింది. ఆఫ్రికాలో ఈగకాటుతో ఒంట్లో చేరి, కంటి తెల్లగుడ్డుపై పాకుతూ కనిపించే లోవా పురుగుకు కూడా ఇది మందైంది.

అయితే నల్ల ఈగలు వ్యాపింపజేసే నదీ అంధత్వంలో ఇదే మందు ప్రమాదకరమని అనుభవం తెలిపింది. పురుగుపిల్లలు ఒక్కసారిగా చనిపోవడంతో కంటిలో వాపు రేగి, ఉన్న చూపు కూడా దెబ్బతినవచ్చు. అందుకే ఆ వ్యాధికి వైద్యులు ఐవర్‌మెక్టిన్‌ను ఎంచుకున్నారు. లోవా రోగులలోనూ రక్తంలో పురుగుపిల్లలు అధికంగా ఉంటే మెదడుకు ముప్పు కనుక, ముందుగా పరీక్ష తప్పనిసరి.

నదీ అంధత్వం, లోవా వ్యాధి లేని మన దేశంలో ఈ మాత్రే బోదకాలు నివారణకు ఆధారమైంది. 2004 నుంచి ప్రభావిత జిల్లాల ప్రజలకు దీనిని సామూహికంగా పంపిణీ చేశారు. ఇటీవల కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్‌తో కలిపి ఇస్తున్నారు.

సుబ్బారావు ఇవేవీ చూడలేదు. మందు వెలువడిన మరుసటి ఏడాది, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో న్యూయార్క్ ప్రాంతంలో నిద్రలోనే కన్నుమూశారు. అమెరికా వెళ్లాక ఆయన మళ్లీ స్వదేశానికి రాలేదు. ఆయన మాత్ర మాత్రం వచ్చింది.