సిడ్నీ కాటన్

ఫ్రెడెరిక్ సిడ్నీ కాటన్ (జూన్ 17, 1894 - ఫిబ్రవరి 13, 1969) ఆస్ట్రేలియాకు చెందిన వైమానికుడు, నూతన పరికరాల రూపకర్త. రెండవ ప్రపంచ యుద్ధ ఆరంభంలో బ్రిటిషు వాయుసేనకు ఆకాశం నుండి ఛాయాచిత్రాలు తీసే విధానాన్ని తీర్చిదిద్దినవాడిగా ప్రసిద్ధి చెందాడు. 1948లో కరాచీ నుండి నిజాం రాజ్యానికి విమానాలలో ఆయుధాలు చేరవేయడం వలన హైదరాబాదు చరిత్రలో ఇతని పేరు నిలిచిపోయింది. గోదావరిపై ఆనకట్ట నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్ వేరు, ఇతడు వేరు.

బాల్యము, మొదటి ప్రపంచ యుద్ధము

కాటన్ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఒక పశుపోషక కుటుంబంలో జన్మించాడు. కొంత చదువు ఇంగ్లాండులో సాగింది. 1915లో బ్రిటిషు నౌకాదళపు వైమానిక విభాగంలో చేరాడు. అప్పటి విమానాలకు పైకప్పు లేనందున పైలట్లు చలికి గడ్డకట్టుకుపోయేవారు. నూనె మరకలతో నిండిన తన పాత పనిదుస్తులే చలిని బాగా ఆపుతున్నాయని కాటన్ గమనించాడు. దాని ఆధారంగా లోపల పలుచని బొచ్చు, మధ్య గాలి చొరబడని పట్టు, పైన మరో వస్త్రంతో మూడు పొరల దుస్తులు కుట్టించాడు. 1917 నుండి వాడుకలోకి వచ్చిన ఈ దుస్తులకు ఇతని పేరు మీదుగానే సిడ్‌కాట్ అనే పేరు వచ్చింది. పై అధికారులతో పొసగక అదే సంవత్సరం కాటన్ ఉద్యోగం వదిలివేశాడు.

ఆకాశం నుండి ఛాయాచిత్రణ

రెండవ ప్రపంచ యుద్ధానికి కొద్దికాలం ముందు బ్రిటిషు గూఢచారి విభాగం కాటన్‌ను నియమించింది. లాక్‌హీడ్ 12 రకం విమానంలో రహస్యంగా కెమెరాలు అమర్చి, వ్యాపారి వేషంలో జర్మనీ మీదుగా ప్రయాణిస్తూ ఇతడు సైనిక స్థావరాల చిత్రాలు తీశాడు.

యుద్ధం మొదలైన తరువాత ఈ పనికి స్పిట్‌ఫైర్ వంటి చిన్న, వేగవంతమైన విమానం కావాలని కాటన్, ఇతని సహచరుడు మారిస్ లాంగ్‌బాటమ్ వాదించారు. కెమెరాలను, అదనపు ఇంధనాన్ని మోయాలంటే మరేదైనా బరువు తగ్గించాలి. అందువలన తుపాకులను తొలగించి, సందులు పూడ్చి, విమానం పైభాగాన్ని నున్నగా చేయించారు. నవంబరు 18, 1939న లాంగ్‌బాటమ్ ఫ్రాన్సులోని సెక్లాన్ నుండి ఈ తరహా తొలి ప్రయాణం చేశాడు. అధికారులతో మళ్ళీ విభేదాలు వచ్చి 1940 జూన్‌లో కాటన్‌ను ఆ బాధ్యత నుండి తప్పించారు. 1941లో ఇతనికి ఓ.బి.ఇ. బిరుదు లభించింది.

విమానము, నేల మీది పరుగు

కాటన్ తరువాతి చరిత్రను అర్థం చేసుకోవడానికి సైనిక విమానాలకు ఎంత నేల అవసరమో తెలియాలి. రెండు రెక్కల కొయ్య ప్రొపెల్లరు గల తొలి స్పిట్‌ఫైర్ గాలిలోకి లేవడానికి సుమారు 380 మీటర్లు పరుగెత్తేది. మెరుగైన ప్రొపెల్లరు అమర్చాక సుమారు 200 మీటర్లు సరిపోయింది. కనుక పచ్చిక మైదానం నుండి కూడా అది ఎగరగలిగేది. నాలుగు ఇంజన్ల లాంకాస్టర్ వంటి బాంబర్ల విషయం వేరు. వాటి కోసం బ్రిటన్‌లో 2,000 గజాల (సుమారు 1,830 మీటర్లు) ప్రధాన రన్‌వేను ప్రమాణంగా నిర్ణయించారు.

ఈ దూరం స్థిరమైనది కాదు. విమానం బరువు పదో వంతు పెరిగితే నేల మీది పరుగు సుమారు ఐదో వంతు పెరుగుతుంది. ఎత్తైన, వేడి ప్రదేశాలలో గాలి పలుచన కావడం వలన రెక్కలకు ఆధారం తగ్గి, పైకి లేవడానికి ఎక్కువ వేగం, ఎక్కువ దూరం కావాలి. అనంతపురం నుండి బీదరు వరకు విస్తరించిన దక్కను పీఠభూమికి ఇది పూర్తిగా వర్తిస్తుంది. అనంతపురం సముద్రమట్టానికి 330 మీటర్లకు పైగా ఎత్తున ఉండగా, బీదరు 660 మీటర్ల ఎత్తున ఉంది. బీదరు ఎత్తులో గాలి సాంద్రత సముద్రతీరంలో కంటే సుమారు 6 శాతం తక్కువ. ఎండాకాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

హైదరాబాదు వ్యవహారము

నిజాం రాజ్యం నాలుగు వైపులా భారత భూభాగమే గాని సముద్రతీరం లేదు. 1947 నవంబరులో భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరినా చర్చలు ఫలించలేదు. రజాకార్ల దౌర్జన్యాలు పెరిగాయి. భారత ప్రభుత్వం ఆర్థిక దిగ్బంధం విధించింది. రోడ్డు, రైలు మార్గాలు మూసుకుపోగా బయటి నుండి ఆయుధాలు రావడానికి ఆకాశమార్గం ఒక్కటే మిగిలింది.

ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ ప్రభుత్వంతో కాటన్ ఒప్పందం చేసుకున్నాడు. లాంకాస్టర్ బాంబరు నుండి రూపొందిన లాంకాస్ట్రియన్ విమానాలను ఈ పనికి ఎంచుకున్నాడు. వీటి గరిష్ఠ బరువు సుమారు 29,500 కిలోలు. కరాచీ నుండి బీదరు సుమారు 1,350 కిలోమీటర్లు. విమానాలు రాత్రివేళ భారత భూభాగం మీదుగా వచ్చి బీదరు, వరంగల్లు వంటి చోట్ల దిగేవి. పెట్రోలు కరువైన రాజ్యంలో తిరుగు ప్రయాణపు ఇంధనం కూడా బరువు లెక్కలో చేరుతుంది. చిన్న విమానం ఏ మైదానంలోనైనా దిగగలదు గాని తగినన్ని ఆయుధాలు మోయలేదు. పెద్ద విమానం మోయగలదు గాని పొడవైన, గట్టి రన్‌వే ఉన్నచోటనే దిగగలదు. కాబట్టి నిజాం రాజ్యానికి మిగిలిన ద్వారాలు వేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే.

సెప్టెంబరు 13, 1948న ఆపరేషన్ పోలో ప్రారంభమైంది. భారత వాయుసేన నిజాం రాజ్యంలోని విమానాశ్రయాలపై కూడా దాడులు చేసింది. సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. వచ్చిన ఆయుధాలు యుద్ధ ఫలితాన్ని మార్చలేకపోయాయి. అయితే సంస్థానం తలవంచదనే ధీమాను పాలకవర్గంలో పెంచడానికి ఈ విమానాల రాక తోడ్పడిందని చెప్పవచ్చు. ఆ ధీమాకు మూల్యం చెల్లించినవారు సామాన్య ప్రజలు.

చివరి రోజులు

ఈ ఆయుధ రవాణాకుగాను కాటన్‌కు ఇంగ్లాండులో జరిమానా పడింది. ఇతని జీవితకథ రాల్ఫ్ బార్కర్ రచనగా 1969లో వెలువడింది. అదే సంవత్సరం ఫిబ్రవరి 13న ఇంగ్లాండులో మరణించాడు. సమాధి క్వీన్స్‌లాండ్‌లో ఉంది.

కాటన్ విమానాలు దిగిన బీదరు తరువాత భారత వాయుసేన శిక్షణ కేంద్రమైంది. వరంగల్లు సమీపంలోని మామునూరు విమానాశ్రయం 1980 దశకం నాటికి మూతపడింది.