కట్టమంచి కుర్రాడు లేచి మాట్లాడాడు



కార్వేటినగరం వైపు నుంచి మన బడికి పిల్లల్ని పంపే వారిలో కొందరు పేరెంట్స్ మీటింగులో ఒకటే అడుగుతుంటారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఈ వక్తృత్వ పోటీలు, డిబేట్లు ఎందుకు, ఆ గంట లెక్కలకిస్తే నాలుగు మార్కులైనా పెరుగుతాయి కదా అని. అడగడంలో తప్పేమీ లేదు, ఫీజు కట్టేది మీరే. జవాబుగా మన జిల్లా మనిషి ఒకాయన జీవితం చెప్పాలనిపించింది.

కట్టమంచి రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10న పుట్టారు. సి.ఆర్. రెడ్డి అంటే ఇంట్లో పెద్దవాళ్లకు చప్పున గుర్తొస్తారు. కట్టమంచి ఇప్పుడు చిత్తూరు పట్టణంలో కలిసిపోయింది. ఆయన పుట్టేనాటికి చిత్తూరు జిల్లానే లేదు, అటు చిత్తూరు, ఇటు కార్వేటినగరం సంస్థానం ఉత్తర ఆర్కాటు కిందే ఉండేవి. చిత్తూరులో హైస్కూలు చదువు ముగించి ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు.

అక్కడ ఆంధ్ర భాషాభిరంజని సమాజం అని ఒక సంఘం ఉండేది. అది పెట్టిన కావ్య పోటీకి, ఇరవై ఏళ్లు నిండీ నిండని వయసులో, ఆయన ముసలమ్మ మరణం రాసి బహుమతి గెలిచారు. దేవతల కథో రాజుల కథో ఎత్తుకోలేదు. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు కథ తీసుకున్నారు. కట్ట తెగబోతుంటే ఊరి కోసం బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ప్రాణమిచ్చిన కథ అది. ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి అడుగుల్లో ఒకటిగా విమర్శకులు దాన్ని నేటికీ చెప్పుకుంటారు. సిలబస్‌లో లేని పని, ఒక విద్యార్థి సంఘం పెట్టిన పోటీ. ఆ పోటీయే లేకపోతే ఆయన అది రాసేవారో లేదో!

అందువల్ల చదువు వెనకబడిందా అంటే, లేదు. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు సంపాదించి 1902లో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలకు వెళ్లారు. అక్కడి యూనియన్ సొసైటీ 1815 నుంచి నడుస్తున్న చర్చావేదిక. ఒక తీర్మానం పెడతారు, కొందరు అనుకూలంగా, కొందరు వ్యతిరేకంగా మాట్లాడతారు, ఆఖరికి సభ్యులు ఓటు వేస్తారు. బట్టీ పట్టి అప్పజెప్పే స్పీచ్ అక్కడ చెల్లదు. ఎదుటివాడు ఏమన్నాడో విని, అప్పటికప్పుడు జవాబు వెతుక్కోవాలి. మన దేశాన్ని ఇంగ్లండు ఏలుతున్న రోజులవి. అలాంటి చోట, ఇంగ్లీషే మాతృభాష అయిన విద్యార్థుల నడుమ నిలబడి మాట్లాడి, ఆ సొసైటీకి ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన తొలి భారతీయుడయ్యారు రెడ్డిగారు. ఇంగ్లీషులో అంత పేరు తెచ్చుకున్నాయన తెలుగును వదల్లేదు. కవిత్వ తత్త్వ విచారము అనే విమర్శ గ్రంథం రాసి పండితుల్లో పెద్ద దుమారమే లేపారు. పిల్లలకు ఇంగ్లీషు రావాలంటే తెలుగు తగ్గించాలనుకునే వారు ఈ సంగతి గమనించగలరు.

తిరిగొచ్చాక బరోడాలో, ఆపై మైసూరులో అధ్యాపకుడిగా, విద్యాశాఖాధికారిగా పనిచేసి, మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టారు. 1923లో పానగల్లు రాజా ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. మన దేశ చట్టసభల్లో అలాంటివి పెట్టడం అప్పుడప్పుడే మొదలు. పానగల్లు రాజా కూడా పరాయివాడు కాదు, శ్రీకాళహస్తిలో పుట్టినవాడే, పైగా రెడ్డిగారు అంతవరకూ ఉన్న జస్టిస్ పార్టీ నాయకుడు. సొంతవాళ్లనుకున్న వారి ఎదుటే లేచి, మీ పాలన బాగాలేదని కారణాలతో చెప్పడం సులువు కాదు. తీర్మానం ఓడిపోయింది. ఆయన రాజకీయ జీవితం మాత్రం అక్కడితో ఆగలేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1930లో ఉప్పు సత్యాగ్రహాన్ని ప్రభుత్వం అణచివేస్తున్నందుకు నిరసనగా ఆ పదవి వదిలేశారు. ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన పుట్టిన తిరుత్తణి ఒకప్పటి కార్వేటినగరం జమీందారీలోదే! 1936లో రెడ్డిగారు మళ్లీ వచ్చి 1949 వరకు విశ్వవిద్యాలయాన్ని నడిపారు. పెళ్లి చేసుకోలేదు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

ఈ ఆదివారం స్కంద పుష్కరిణి వైపు వెళితే, మెట్ల మీద కూర్చుని మీ పిల్లలకు ముసలమ్మ కథ చెప్పండి. వచ్చే ఆదివారం అదే కథను తాతయ్యకో అమ్మమ్మకో వాళ్లను చెప్పమనండి. తడబడినా మధ్యలో అందుకోకండి. ముసలమ్మ చేసింది సరైనదేనా అని చివర్లో అడగండి, కాదంటే ఎందుకు కాదో పూర్తిగా చెప్పనివ్వండి.