అనేకులకు అన్నము పెట్టిన ఇల్లాలు – కాథరీన లూథర్

ఎలీషా ప్రవక్త గిల్గాలునకు తిరిగి వచ్చినప్పుడు ఆ దేశమందు క్షామముండెను. ప్రవక్తల శిష్యులు ఆయన యెదుట కూర్చుండియుండగా ఆయన పెద్ద కుండను పొయ్యిమీద పెట్టించి వారందరికి వంట చేయించెను. ఆ సంగతి రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో నున్నది. దేవుని సంగతులు నేర్చుకొనుటకు కూడిన వారు ఒకే కుండలోని కూడు పంచుకొనిరి. ప్రవక్త పేరు లోకమంతటికి తెలియును. పొయ్యియొద్ద నిలిచిన పనివాని పేరు మాత్రము ఎవరికిని తెలియదు.

సంఘచరిత్రలో అట్టి పెద్ద కుండ మరియొకటి కలదు. అది జర్మనీ దేశమందలి విట్టెన్‌బర్గు పట్టణములో, మార్టిన్ లూథర్ గృహమున, ఇరువది సంవత్సరములు పొయ్యిమీద నుండెను. ఆ యింటి భోజనపు బల్లయొద్ద లూథర్ పలికిన మాటలను విద్యార్థులు వ్రాసికొనిరి. అవి 1566లో గొప్ప గ్రంథముగా అచ్చుపడి నేటికిని చదువబడుచున్నవి. ఆ బల్లమీదికి ప్రతిదినము భోజనము ఎట్లు వచ్చెనో తలంచువారు కొలదిమందియే. ఆ భారము మోసిన ఇల్లాలు కాథరీన.

మఠమునుండి వెలుపలికి

కాథరీన ఫాన్ బోరా 1499 జనవరి 29న సాక్సనీ ప్రాంతమున జన్మించెను. తండ్రి గొప్ప వంశపువాడే గాని ఆస్తి తరిగిపోయినవాడు. తల్లి ఆమె చిన్ననాడే గతించెను. ఐదారేండ్ల ప్రాయమున ఆమెను బ్రేనా అను ఊరి మఠపాఠశాలలో విడిచిరి. తరువాత నింబ్‌షెన్ మఠమునకు పంపిరి. ఆమె మేనత్త మగ్దలీన కూడ అచట సన్యాసినియై యుండెను. 1515లో, తన 16వ యేట, కాథరీన ఆ మఠములో శాశ్వత వ్రతములు గైకొనెను. చదువును, కీర్తనలు పాడుటయు, కొంత లాటిను భాషయు అచట ఆమెకు అబ్బెను.

కొన్ని యేండ్లకు లూథర్ వ్రాతలు ఆ మఠపు గోడలు దాటి లోనికి వచ్చెను. మనుష్యుడు క్రియలవలన గాక విశ్వాసమువలననే నీతిమంతుడని తీర్చబడునను సువార్త కొందరు సన్యాసినుల హృదయములను తాకెను. వారు తమ బంధువుల సహాయము కోరిరి, బంధువులు ఒప్పుకొనలేదు. అప్పుడు వారు లూథర్‌నే ఆశ్రయించిరి. మఠమునకు సరుకులు తెచ్చు లియోనార్డ్ కొప్పె అను టోర్గావు పట్టణపు వర్తకుడు 1523 ఈస్టరు రాత్రి 12 మందిని తన బండిలో రహస్యముగా వెలుపలికి చేర్చెను. పట్టుబడినయెడల మరణశిక్షకు తగిన నేరమది. వారు మొదట టోర్గావు చేరిరి. ముగ్గురు తమ యిండ్లకు పోగా, కాథరీనతో కూడ తొమ్మండుగురు విట్టెన్‌బర్గునకు వచ్చిరి.

వారికి ఇల్లు లేదు, కట్నము లేదు, చేతిలో పైకము లేదు. ఒక్కొక్కరికి వివాహమో ఆశ్రయమో దొరకెను. కాథరీన చిత్రకారుడైన లూకాసు క్రనాకు మొదలగువారి యిండ్లలో నుండి గృహనిర్వాహము చూచి నేర్చుకొనెను. లూథర్ చూపిన ఒక వరుని ఆమె నిరాకరించెను. లూథర్‌ను గాని ఆయన స్నేహితుడైన ఆమ్స్‌డోర్ఫును గాని అయినచో పెండ్లాడుదునని వెరవక చెప్పెను. 1525 జూన్ 13న లూథర్‌తో ఆమె వివాహము జరిగెను. అప్పుడు ఆమెకు 26 ఏండ్లు, ఆయనకు 41.

ఖాళీ మఠము, నిండిన బల్ల

వారి కాపురమునకు దొరకిన ఇల్లు సన్యాసులు విడిచిపోయిన పాత మఠమే. లూథర్ పరుపులోని గడ్డి ఏడాదిగా మార్చబడక చెమటకు కుళ్లియుండెను. ఆ గడ్డి తీసివేయుటతో కాథరీన సంసారము ప్రారంభమయ్యెను.

తొలి పరీక్ష ఆ వేసవిలోనే వచ్చెను. కార్ల్‌స్టాట్ అను బోధకుడు లూథర్‌తో విరోధించి ఆయనకు వ్యతిరేకముగా గ్రంథములు వ్రాసినవాడు. రైతుల తిరుగుబాటు అణచబడిన పిమ్మట ప్రాణభయముతో అతడు లూథర్ తలుపు తట్టెను. క్రొత్త పెండ్లికూతురు ఇంట అతడు కొన్ని వారములు దాగియుండి ఆమె వడ్డించిన కూడు తినెను. శత్రువు ఆకలిగొనినయెడల అన్నము పెట్టుమను వాక్యము ఆ వంటయింటిలో ఇట్లు నెరవేరెను.

అటుతరువాత ఆ బల్ల ఖాళీగా నున్న దినము అరుదు. విద్యార్థులు కొంత రుసుము చెల్లించి ఆ యింట భోజనమును బసయు పొందిరి. ఉద్యోగము పోయిన బోధకులు, మఠములు విడిచిన సన్యాసినులు, పరదేశపు పండితులు, దిక్కులేని బంధువులు వచ్చుచునే యుండిరి. ఆమెకు ఆరుగురు పిల్లలు కలిగిరి. వారుగాక తల్లిదండ్రులు లేని మేనల్లుళ్లును మేనకోడళ్లును ఆ యింటనే పెరిగిరి. మేనత్త మగ్దలీన కూడ మఠము విడిచి వచ్చి పిల్లలను సాకెను. బల్లచుట్టు ఇంచుమించు ముప్పదిమంది కూర్చుండుట కలదు. 1542లో అన్‌హాల్ట్ రాకుమారుడు జార్జి ఆ యింట బసచేయగోరగా, ఆయన సలహాదారుడు వలదనెను. విద్యార్థులతోను, యువతులతోను, విధవరాండ్రతోను, వృద్ధురాండ్రతోను, పిల్లలతోను ఆ యిల్లు క్రిక్కిరిసి శాంతి లేకున్నదని తెలిపెను.

ఉదయము పది గంటలకు పగటి భోజనము, సాయంకాలము అయిదు గంటలకు రాత్రి భోజనము. ఆ కాలపు జర్మను వంటయిండ్లలో మూడు కాళ్ల పాత్రను నిప్పులమీద నిలిపి, అందులో ధాన్యము, ఎండు బఠానీలు, క్యాబేజీ, ఉల్లి, దొరకిన దినమున మాంసమో చేపయో వేసి, అన్నియు కలిపి మెత్తగా ఉడికించుట వాడుక. నేడు జర్మనీ యనగానే తలంపునకు వచ్చు బంగాళదుంప అప్పటికి ఆ దేశమునకు రాలేదు. ఒకే కుండలోని వంటకు గొప్ప సౌకర్యమున్నది. ఇరువురు అతిథులు అధికముగా వచ్చినను మరికొంత నీరు, మరికొన్ని గింజలు వేసి ఎవరిని పస్తుంచక సర్దవచ్చును. లూథర్‌కును ఆడంబరపు వంటకములకంటె ఇంటి సాధారణ భోజనమే ప్రియము. ఒకమారు వ్యాధితో నున్నప్పుడు వేయించిన హెరింగు చేపయు, చల్లని బఠానీలును కోరి తినెనని వైద్యుడైన రాట్సెబెర్గరు వ్రాసెను. 2004–05 సంవత్సరములలో ఆ యింటి పెరటిలో త్రవ్వకములు జరుపగా నాటి మట్టిపాత్రల పెంకులును, పందుల, బాతుల, చేపల ఎముకలును బయటపడెను. అవి మాటలు వ్రాసినవారు వ్రాయక విడిచిన చరిత్ర.

కుండలోనికి వచ్చినదెట్లు?

ఇంతమందికి కూడు ఎచ్చటనుండి వచ్చెను? లూథర్ తన గ్రంథములకు ముద్రాపకులయొద్ద పైకము తీసికొనలేదు. వివాహమైన పిమ్మట ఆయన జీతము సంవత్సరమునకు 200 గిల్డరులు. అడిగినవారికి లేదనుట ఆయనకు తెలియదు. మైంజు ఆర్చిబిషప్పు పెండ్లి కానుకగా పంపిన 20 గిల్డరులను ఆయన త్రిప్పిపంపుమనగా కాథరీన వానిని దాచుకొనెను. ఒకమారు ఆయన స్నేహితునికి ఇచ్చెదనన్న పాత్రను గూడ ఆమె దాచివేసెను. ఆమె పిసినారి యని కొందరు ఆడిపోసికొనిరి. కాని దాచినదంతయు మరల ఆ బల్లమీదికే వచ్చెను.

ఆమె తోటలు సంపాదించి కూరలును పండ్లును పెంచెను. కోళ్లు, బాతులు, పందులు, మేకలు, ఆవులు సాకెను. 1542లో పన్ను నిమిత్తము చేసిన లెక్కలో 5 ఆవులును 9 దూడలును ఆ యింటి సొత్తుగా నుండెను. తోటలోని చిన్న చెరువులో చేపలు పట్టుట ఆమెకు మిక్కిలి సంతోషము. ఆ కాలపు జర్మనులు నిత్యము త్రాగు బార్లీ బీరును ఇంటనే కాచించెను. 1540లో తన సహోదరునియొద్ద సుల్స్‌డోర్ఫు అను చిన్న పొలము 610 గిల్డరులకు కొనబడెను. అది బండిమీద రెండు దినముల ప్రయాణము. ఆమె తానే పోయి సేద్యము చూచుకొనెను.

అయితే పొయ్యి ఆమెను వాక్యమునుండి వేరుచేయలేదు. ఆమె వడ్డించి వెడలిపోక బల్లయొద్ద కూర్చుండి, లాటినులో సాగు సంభాషణను ఆలకించి ప్రశ్నించుచుండెను. అబ్రాహాము ఇస్సాకును బలిగా అర్పింపబోయిన సంగతి లూథర్ చెప్పుచుండగా, దేవుడు ఎవరిపట్లనైనను అంత కఠినముగా నుండునని తాను నమ్మజాలనని ఆమె యనెను. ఆమె అంతకుముందే, 1528లో, శిశువైన ఎలిసబెతును పాతిపెట్టిన తల్లి. ఆ ప్రశ్నకు లూథర్ దేవుడు తన సొంత కుమారునే సిలువకు అప్పగించెనని జవాబిచ్చెను. 1535లో ఆమె పొలము పనులును పశువుల మేతయు చూచుకొనుచునే బైబిలు మొత్తము చదువ మొదలిడెను. రాబోవు ఈస్టరు లోపల ముగించినయెడల 50 గిల్డరులిత్తునని లూథర్ మాట యిచ్చెను. మార్త చేతులును మరియ చెవులును ఒక్క స్త్రీయందే యుండవచ్చునని ఆ గృహము చూపెను.

తెగులు దినములలో

1527లో విట్టెన్‌బర్గులో ప్లేగు తెగులు చెలరేగెను. విశ్వవిద్యాలయము యేనా పట్టణమునకు తరలెను. లూథర్‌ను కూడ వెళ్లుమనిరి గాని రోగులను విడిచిపోవుటకు ఆయన సమ్మతింపలేదు. అప్పుడు కాథరీన గర్భవతి; పెద్దకుమారుడు పసివాడు. రోగులు లోనికి తేబడిరి, ఆ యిల్లు ఆసుపత్రియాయెను. నిన్న విద్యార్థులకు కూడు వండిన కుండలోనే నేడు రోగులకు జావ కాచబడెను. ఆ డిసెంబరులోనే ఆమె ఎలిసబెతును కనెను. 1539లో మరల తెగులు రాగా, తల్లిదండ్రులు చనిపోయిన ఒక స్నేహితుని నలుగురు పిల్లలను లూథర్ ఇంటికి తెచ్చెను. ఊరివారు భయపడి నిందించిరి. కాథరీన వారికిని కంచములు పెట్టెను.

1529లో వెలువడిన లూథర్ చిన్న ప్రశ్నోత్తరిలో భోజనమునకు ముందును తరువాతను చేయదగిన ప్రార్థనలు కలవు. 1842లో హేయరు దొరగారు గుంటూరునకు వచ్చిన పిమ్మట స్థాపింపబడిన ఆంధ్ర లూథరన్ సంఘములలో ఆ ప్రశ్నోత్తరి నేర్చుకొనుచు పెరిగినవారు తరతరములుగా నున్నారు. ఆ పుస్తకము వెలువడిన యేట ఆ గృహపు బల్లను నింపుచుండినవి కాథరీన చేతులని తలంచినయెడల ఆ ప్రార్థనలు మరింత దగ్గరవగును.

ఖాళీ అయిన ఇల్లు

1542లో 13 ఏండ్ల మగ్దలీన అను కుమార్తె మరణించెను. 1546 ఫిబ్రవరి 18న లూథర్ దూరపట్టణమైన ఐస్లేబెనులో కన్నుమూసెను; కాథరీన చెంతలేదు. తనకు తినుటయు త్రాగుటయు నిద్రించుటయు సాధ్యము కాకున్నదని ఆమె తన సహోదరుని భార్యకు వ్రాసెను. అనేకులకు పెట్టిన ఇల్లాలికి తన నోటికి ముద్ద పోలేదు.

లూథర్ తన మరణశాసనములో ఆమెనే వారసురాలిగా నియమించియుండెను. సాక్సనీ చట్టము దానిని ఒప్పలేదు. ఆ పెద్ద గృహమును మూసి పిల్లలను ఇతరులకు అప్పగింపవలెనని రాజ్యపు మంత్రి సలహా యిచ్చెను. ఆమె లొంగక పోరాడి పిల్లలను తనయొద్దనే ఉంచుకొనెను. అంతలో యుద్ధము వచ్చెను. పిల్లలతో మాగ్డెబర్గునకును, మరల బ్రౌన్‌ష్వైగునకును పారిపోయి, 1547లో తిరిగి వచ్చుసరికి పొలములు పాడై, పశువులు పోయియుండెను. ఆమె మరల పొయ్యి వెలిగించి విద్యార్థులకు భోజనము పెట్టి జీవించెను. కొందరు మిత్రులును డెన్మార్కు రాజును సహాయపడిరి. అయినను సహాయము కొఱకు ఆమె మాటిమాటికి లేఖలు వ్రాసికొనవలసివచ్చెను. ఆ బల్లయొద్ద భుజించినవారు జర్మనీ అంతట వ్యాపించియుండగా, పెట్టిన చేయి చాపవలసివచ్చుట సంఘము తలవంచుకొని జ్ఞాపకముంచుకొనదగిన సంగతి.

1552లో మరల ప్లేగు సోకగా ఆమె పిల్లలతో టోర్గావునకు బయలుదేరెను. త్రోవలో గుఱ్ఱములు బెదరెను. ఆమె బండినుండి చల్లని నీటి గుంటలో పడెను. సుమారు మూడు నెలలు మంచము పట్టి, డిసెంబరు 20న ప్రభువునందు నిద్రించెను. టోర్గావులోని మరియ దేవాలయమున ఆమె సమాధి నేటికిని కలదు. ఇరువది తొమ్మిదేండ్ల క్రిందట బండిలో దాగి స్వేచ్ఛలోనికి వచ్చినప్పుడు ఆమెను మొదట చేర్చుకొన్న పట్టణమది.

నేడు తెలుగు సంఘములలో వారమధ్యమున గృహ ప్రార్థన కూటములు జరుగుచున్నవి. వాక్యమైన పిమ్మట ఒక గిన్నెడు కిచిడీయో పులిహోరయో పదిమంది పంచుకొందురు. ఆ కూటమునకు పెద్ద వంటకములు అక్కరలేదు. తలుపు తెరచియుండి, కుండ పెద్దదై, మనస్సు అంతకంటె పెద్దదైన చాలును. అయితే పాట పాడునప్పుడు, వాక్యము చదువునప్పుడు ఆ యింటి ఇల్లాలు పొయ్యియొద్దనే నిలిచియున్నదేమో చూడవలెను. మంట తగ్గించి, కుండపై మూత పెట్టి, ఆమెకును చాపమీద చోటియ్యవలెను. ఆమె ప్రశ్న అడిగినయెడల వినవలెను. ఆమె ఇల్లు ఖాళీ అయిన దినమున, ఆమె చేతి కూడు తినినవారు ఆమె అడుగకమునుపే ఆమె గుమ్మమునకు పోవలెను.