కంపవాతము – జేమ్స్ పార్కిన్సన్ జీవితము

మన ఎత్తిపోతలలో చంద్రవంక 70 అడుగుల ఎత్తు నుండి దూకే దృశ్యాన్ని చూడ వచ్చినవారిలో, చేయి వణకుతూ, ముందుకు వంగి, చిన్న చిన్న అడుగులు వేసే వృద్ధులు ఒక్కొక్కప్పుడు కనిపిస్తారు. ముసలితనమని మనం చూపు మరల్చుకుంటాము. అట్లా మరల్చుకోని వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్.

ఆయన 1755 ఏప్రిల్ 11న లండన్‌లోని హాక్స్టన్‌లో జన్మించాడు. తండ్రి వైద్యవృత్తినే చేపట్టాడు. పేదల పక్షాన కరపత్రాలు రచించాడు. 1794లో ప్రభుత్వ విచారణను ఎదుర్కొన్నాడు. శిలాజాలపై మూడు సంపుటాలు వెలువరించాడు. అయినా ఆయన పేరు నిలిపినది 1817 నాటి ఒక చిన్న పుస్తకమే. మన ఆయుర్వేదం కంపవాతమనే వ్యాధిని పోలిన రోగాన్ని అందులో వర్ణించాడు. రోగులు ఆరుగురే. కొందరిని వీథిలో తటస్థపడినప్పుడు పరీక్షించాడు. ఒకరిని దూరం నుండి మాత్రమే చూశాడు. విశ్రాంతిలో ఉన్న చేయి వణకడం, నడక తనకు తానే పరుగుగా మారడం ఆయన కంటబడినవే. చికిత్సగా మెడ వద్ద రక్తం తీయడాన్ని సూచించాడు. అందులో మాత్రం పొరబడ్డాడు.

1824లో మరణించాడు. వ్యాధికి ఆయన పేరు స్థిరపరచినవాడు ఫ్రెంచి వైద్యుడు షార్కో.

రోగాన్ని నయం చేసే ఔషధం నేటికీ లేదు. లక్షణాలను తగ్గించేవి ఉన్నాయి. హాంకాంగ్‌లో 138 మంది రోగులపై జరిగిన పరిశోధన 2019లో వెలువడింది. ధ్యానంతో కూడిన యోగాన్ని ఎనిమిది వారాలు అభ్యసించినవారికి, ఇతర వ్యాయామం చేసినవారితో సమానంగా కదలిక మెరుగుపడింది. దిగులు, ఆందోళన మరింత తగ్గాయి. తూలి పడకుండా కుర్చీనో గోడనో ఆనుకొని, వైద్యుని సలహాతో, మెల్లగా చేయవలసిన అభ్యాసమిది.